తప్పు జరిగినప్పుడే కనిపించే మనిషి

ఫుట్‌బాల్ గురించి ఈ పత్రికకి రాస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ ఆట నాకు నేర్పింది మా అన్న కూతురు. నేర్పిందంటే ఆడటం కాదు, చూడటం. తను కాలేజీ జట్టులో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడుతుంది. 2025 జులైలో స్విట్జర్లాండ్‌లో జరిగిన స్త్రీల యూరో కప్ మ్యాచ్‌లు చాలావరకు మనకి అర్ధరాత్రి పన్నెండున్నరకి మొదలయ్యేవి. ఇంట్లో అందరూ పడుకున్నాక మేమిద్దరం వంటింట్లో కూర్చుని, ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, గొంతు తగ్గించుకుని చూసేవాళ్ళం. జులై 5న ఇంగ్లండ్, ఫ్రాన్స్ మ్యాచ్ మొదలవుతుండగానే తనొక మాటంది. "బంతిని చూడకు అత్తా. జెస్ కార్టర్‌ని చూడు."

చూద్దామనే ప్రయత్నించాను. కుదర్లేదు. కెమెరా చూడనివ్వదు. అది బంతి ఎటుపోతే అటు పోతుంది. డిఫెండర్ పనేమో ముప్పాతిక వంతు బంతి లేనిచోట జరుగుతుంది. ఎదుటి వింగర్ రెండడుగులు లోపలికి జరిగితే తనూ జరగాలి. పక్కనున్న మనిషి ముందుకెళ్తే ఆ ఖాళీని తను పూడ్చాలి. పాస్ రాకముందే పాస్ వచ్చే దారిలో వెళ్ళి నిలబడాలి. సరిగ్గా నిలబడితే ఎదుటివాళ్ళు ఆ పాస్ అసలు ఇవ్వరు. ఇవ్వని పాస్‌ని ఏ కెమెరా చూపిస్తుంది? జరగని గోల్‌ని ఎవరు రెండోసారి వేసి చూపిస్తారు? డిఫెండర్ దగ్గరగా కనపడేదెప్పుడంటే గోల్ అయిపోయాక. అప్పుడు నాలుగు కోణాల నుంచి, నిదానంగా, ఆమె ఎక్కడ వెనకబడిందో, ఎక్కడ కాలు తడబడిందో గీతలు గీసి మరీ చూపిస్తారు. అంటే ఆమె ఆటకి సంబంధించి మనకి మిగిలే దాఖలా అంతా ఆమె తప్పుల దాఖలానే.

ఇది మనకి తెలియని సంగతేం కాదు. మా అమ్మ నలభై ఏళ్ళకి పైగా రోజుకి రెండు పూటలా వండింది. ఉప్పు ఎక్కువైన రోజులు మాత్రం మా నాన్నకి పేరుపేరునా గుర్తున్నాయి. ఫలానా వాళ్ళ పెళ్ళిచూపుల రోజు పప్పు, ఫలానా పండగకి పులుసు... ఇంటిచాకిరీ గురించి ఇరవై, ముప్పై ఏళ్ళుగా మనం రాస్తున్నదంతా దీని గురించే. సక్రమంగా జరిగినంతకాలం కనపడని పని, ఆగిన రోజున మాత్రమే కనపడే మనిషి. ఈ పోలికని మరీ లాగకూడదని నాకు తెలుసు. కార్టర్ జీతం తీసుకుని ఆడే క్రీడాకారిణి, పేరున్న మనిషి. మా అమ్మ కాదు. అయినా ఆ రాత్రి ఆ వంటింట్లో కూర్చుని ఆమెని వెతుక్కుంటుంటే నాకు వేరే పోలిక తట్టలేదు.

ఇప్పుడు ఆమె ఎలా ఆడిందో చెప్పాలి. ఆమె పక్షాన మాట్లాడటమంటే ఆమె బాగా ఆడిందని వాదించడం కాదు. ఫ్రాన్స్ మీద ఆమె బాగా ఆడలేదు. లెఫ్ట్ బ్యాక్‌గా వున్న ఆమెని ఫ్రెంచి వింగర్ డెల్ఫీన్ కాస్కారినో ఆ రాత్రంతా పరిగెత్తించింది. ఇంగ్లండ్ 2-1 తేడాతో ఓడిపోయింది. తర్వాతి మ్యాచ్‌కి కోచ్ సరీనా వీగ్మాన్ ఆమెని సెంటర్ బ్యాక్‌ స్థానానికి మార్చింది. నెదర్లాండ్స్ మీద 4-0, వేల్స్ మీద 6-1. ఆ రెండు మ్యాచ్‌ల్లో కార్టర్ గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు (ఎందుకు మాట్లాడతారు?). జులై 17న స్వీడన్‌తో క్వార్టర్ ఫైనల్. రెండో నిమిషంలోనే ఆమె ఇచ్చిన పాస్ ఒకటి గురితప్పింది, కొసొవారె అస్లానీ గోల్ కొట్టింది. అరగంట గడవకముందే స్టీనా బ్లాక్‌స్టీనియస్ ఆమెని దాటుకుని పరిగెత్తి రెండోది కొట్టింది. మా అమ్మాయి తల పట్టుకుంది. "అత్తా, ఆ పాస్ ఇవ్వకూడదు. నేనైనా ఇవ్వను" అంది. తను అన్నది విమర్శ. న్యాయమైన విమర్శ. ఇంగ్లండ్ ఆ మ్యాచ్ చివరి పావుగంటలో రెండు గోల్స్ కొట్టి, పెనాల్టీల్లో బయటపడింది. ఆ పెనాల్టీలు కూడా ఒక వింత. రెండు జట్లూ కలిపి పద్నాలుగు కొడితే తొమ్మిది గోల్ కాలేదు.

మూడు రోజుల తర్వాత, జులై 20న కార్టర్ ఒక ప్రకటన చేసింది. టోర్నమెంటు మొదలైన దగ్గర్నించీ తనకి విపరీతమైన జాత్యహంకార దూషణలు వస్తున్నాయనీ, ఇక సోషల్ మీడియా నుంచి తప్పుకుంటున్నాననీ చెప్పింది. ఆ ప్రకటనలో నన్ను ఆపిన విషయం ఒకటుంది. తన ఆట మీద, ఫలితం మీద అభిప్రాయం చెప్పే హక్కు ప్రతి అభిమానికీ వుందని ఆమె ముందుగానే ఒప్పుకుంది. ఆ తర్వాతే, ఒకరి రూపాన్నీ జాతినీ పట్టుకుని తిట్టడం సరికాదని చెప్పింది. గాయపడిన మనిషి, తిట్లు తింటున్న మనిషి, విమర్శకీ తిట్టుకీ తేడా ఏమిటో తిట్టేవాళ్ళకి ఓపిగ్గా విడమర్చి చెప్పాల్సి రావడం... అది చదువుతుంటే నాకు సిగ్గేసింది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోలేదు. కార్టర్ జీవన సహచరి కాబోయే ఆమె పేరు ఆన్-కాట్రిన్ బెర్గర్. జర్మనీ గోల్‌కీపర్. 2017లో థైరాయిడ్ కాన్సర్ వచ్చి తగ్గి, 2022లో మళ్ళీ వచ్చి, చికిత్స తీసుకుని మళ్ళీ ఆటలోకి దిగిన మనిషి. జులై 19 రాత్రి బాసెల్‌లో ఫ్రాన్స్ మీద జర్మనీ పదమూడో నిమిషం నుంచి పదిమందితోనే ఆడింది. 1-1 మీద పెనాల్టీల దాకా లాక్కొచ్చింది. బెర్గర్ రెండు పెనాల్టీలు ఆపి, ఒకటి తనే కొట్టి జట్టుని గెలిపించింది. ఆ రాత్రి యూరప్ అంతా ఆమె పేరే. మర్నాడే అదే ఇంటి మనిషి తన ఒంటి రంగు మీద వస్తున్న తిట్ల గురించి ప్రకటన రాసుకోవాల్సి వచ్చింది. ఒకే ఇంట్లో ఇద్దరు స్త్రీలు, ఒకే టోర్నమెంటు, ఇద్దరిదీ గోల్ కాకుండా కాపాడే పనే. నాలుగు రోజుల తర్వాత స్పెయిన్ మీద సెమీ ఫైనల్లో అదనపు సమయంలో బెర్గర్ తన దగ్గరి మూల నుంచి గోల్ వదిలేసింది, జర్మనీ ఇంటిదారి పట్టింది. ఆ గోల్ మీదా విమర్శ వచ్చింది. కానీ అది గోల్ గురించే. ఆమె ఎక్కడ నిలబడిందీ, ఎటు అడుగేసిందీ అన్న దాని గురించే. తెల్లజాతి స్త్రీ చేసిన తప్పు తప్పుగానే మిగుల్తుంది. నల్లజాతి స్త్రీ చేసిన తప్పు ఆమె పుట్టుకకి రుజువైపోతుంది.

ఈ తేడా నాకు అర్థమైంది ఫుట్‌బాల్ వల్ల కాదు. చాలా ఏళ్ళ కిందట ఒక సాహిత్య సభలో నేనొక పత్రం చదివాను. అందులో ఒక నవల వచ్చిన సంవత్సరం తప్పు రాశాను. నిజంగానే తప్పు. సరిచూసుకోవాల్సింది, చూసుకోలేదు. అధ్యక్షత వహించిన పెద్దాయన లేచి ఆ సంవత్సరం సరిచేసి కూర్చుని వుంటే ఈనాటికీ ఆయనకి కృతజ్ఞురాలిగా వుండేదాన్ని. ఆయన ఆ సంవత్సరమేదో చెప్పనే లేదు. "ఆడవాళ్ళు ఆవేశం మీద వున్న శ్రద్ధ ఆధారాల మీద పెట్టరు" అన్నాడు. సభ నవ్వింది. నా పక్కనే కూర్చున్న దళిత రచయిత్రి నవ్వలేదు. బయటికొచ్చాక, "నీ తప్పుకి ఆడవాళ్ళందర్నీ అన్నాడు. అదే తప్పు నేను చేసుంటే రిజర్వేషన్ దాకా పోయేవాడు" అంది. ఆ మాట అప్పట్లో నాకు పూర్తిగా ఎక్కలేదు. నా బాధలో నేనున్నాను. 

అది పూర్తిగా ఎక్కింది 2021 ఆగస్టులో. టోక్యో ఒలింపిక్స్‌లో మన స్త్రీల హాకీ జట్టు సెమీ ఫైనల్లో అర్జెంటీనా చేతిలో ఓడింది. ఆ జట్టులోని వందనా కటారియా అంతకు కొద్దిరోజుల ముందే దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో ఆ పని చేసిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. జట్టు ఓడిన రోజున హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో వాళ్ళింటి ముందు టపాకాయలు కాల్చి, గంతులేసి, కులం పేరుతో తిట్టారని కుటుంబం ఫిర్యాదు చేసింది. పోలీసులు అరెస్టులు చేశారు. జట్టులో దళితులు ఎక్కువయ్యారు కాబట్టే ఓడిపోయిందన్నారట! మూడు గోల్స్ కొట్టినప్పుడు ఆమె దేశపు ఆడపడుచు, ఓడినప్పుడు ఫలానా కులపు పిల్ల. ఇంగ్లండ్‌లోనూ ఆ నెలకి ముందు నెలలోనే ఇదే జరిగింది. పురుషుల యూరో ఫైనల్లో పెనాల్టీలు తప్పిన సాకా, రాష్‌ఫర్డ్, సాంచో ముగ్గురూ నల్లజాతి కుర్రవాళ్ళు. ఆ రాత్రే వాళ్ళ మీద విరుచుకుపడ్డారు. 

కార్టర్ జట్టులో మిషెల్ అజీమాంగ్ అని పందొమ్మిదేళ్ళ నల్లజాతి అమ్మాయి వుంది. స్వీడన్ మీద, ఆ తర్వాత సెమీస్‌లో ఇటలీ మీద ఓటమి అంచున వున్న జట్టుని తన గోల్స్‌తో నిలబెట్టింది. దేశమంతా ఆ పిల్లని నెత్తిన పెట్టుకుంది. సంతోషమే. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ గోల్స్ మాత్రం 'మన' గోల్స్, కార్టర్ తప్పు మాత్రం 'వాళ్ళ' తప్పు. ఆ పందొమ్మిదేళ్ళ పిల్ల కూడా ఈ ఏర్పాటుని చూసే వుంటుంది. తన మీద ప్రేమ ఏ షరతు మీద నిలబడి వుందో కార్టర్‌ని చూసి తెలుసుకునే వుంటుంది.

'అభిమాని' అన్న మాట మీద నాకు ఎప్పట్నించో అనుమానం. మన సినిమా హీరోల అభిమానుల్ని చూస్తూ పెరిగినదాన్ని కదా, కటౌట్లకి పాలాభిషేకం చేసిన చేతులే పక్క హీరో పోస్టరు మీద పేడ కొట్టడం చూశాను. అభిమానం అంటే ఇష్టం అనుకుంటాం. 'నాది' అనుకోవడం అందులో ఇంకా బలంగా వుంటుంది. స్త్రీల విషయంలో ఆ 'నాది' ఏ రూపం తీసుకుంటుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇంగ్లండ్‌లో స్త్రీల ఫుట్‌బాల్‌కి దానిదో చరిత్ర వుంది. 1920 డిసెంబరులో లివర్‌పూల్‌లో జరిగిన ఒక స్త్రీల మ్యాచ్ చూడ్డానికి 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాది డిసెంబరులోనే అక్కడి ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట ఆడవాళ్ళకి తగదని చెప్పి, తన మైదానాల్లో వాళ్ళని ఆడనివ్వకుండా నిషేధించింది. అర్ధశతాబ్దం పాటు అది కొనసాగింది. దాన్ని దాటుకుని వచ్చిన ఈ తరం 2022లో యూరో కప్ గెలిచింది. అప్పుడు ఆరు మ్యాచ్‌లకీ ఒకే పదకొండుమంది దిగారు. ఆ పదకొండు మందీ తెల్లవాళ్ళే. ఇరవైముగ్గురి జట్టులో తెల్లవాళ్ళు కానివాళ్ళు ముగ్గురు, వాళ్ళలో కార్టర్ ఒకతి. అంటే 2025లో ఆమె నిలబడిన చోటు మూడేళ్ళ కిందట ఆమెలాంటివాళ్ళకి బెంచీ మీద నుంచి చూసే చోటు. తిట్టేవాళ్ళకి ఆమె తప్పుడు పాస్ కన్నా ఆమె అక్కడ వుండటమే ఎక్కువ కష్టంగా వుందేమోనని నా అనుమానం.

తిట్లు తినాలన్నా ముందు కనపడాలి కదా అని కూడా అనిపించింది. ఇంగ్లండ్ ఫ్రాన్స్ చేతిలో ఓడిన ఆ జులై 5నే, థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో మన స్త్రీల జట్టు థాయ్‌లాండ్‌ని 2-1తో ఓడించి, మొదటిసారి క్వాలిఫయర్లు గెలిచి 2026 ఆసియా కప్‌కి చేరింది. ఆ క్వాలిఫయర్లకి వెళ్ళిన జట్టులో మన నిజామాబాద్ అమ్మాయి గుగులోతు సౌమ్య వుంది. మర్నాడు స్టాఫ్ రూములో ఈ మాట చెప్తే, "మనకి ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టు కూడా వుందా మేడమ్?" అన్నారు.

సెమీస్‌కి ముందు ఇంగ్లండ్ జట్టు ఒక నిర్ణయం తీసుకుంది. 2020 నుంచి మ్యాచ్ మొదలయ్యే ముందు మోకాలి మీద కూర్చుని జాతివివక్షకి నిరసన తెలపడం అక్కడ ఆనవాయితీ. ఇకమీదట కూర్చోం, నిలబడతాం అన్నారు. కూర్చున్నందువల్ల ఏమీ మారలేదు కాబట్టి. ఇది నాకు నచ్చింది. నిరసన ఎప్పుడు తంతుగా మారిపోతుందో గుర్తుపట్టడం ఉద్యమాల్లో వున్న మనకే చాలా ఆలస్యంగా చాతనవుతుంది. (మార్చి 8 సభలకి వెళ్ళే ప్రతి ఒక్కరికీ ఈ మాట అర్థమవుతుందనుకుంటాను.) ఆ మ్యాచ్ మొదటి పదకొండు మందిలో కార్టర్ లేదు, ఆమె చోటులో ఎస్మీ మోర్గన్ ఆడింది. ఇంగ్లండ్ మళ్ళీ వెనకబడి మళ్ళీ గెలిచింది.

జులై 27న ఫైనల్, స్పెయిన్ మీద. కార్టర్ తిరిగి సెంటర్ బ్యాక్‌గా దిగింది. ఆమె కాచుకోవాల్సిన ఎస్తేర్ గోన్సాలెస్ ఆ టోర్నమెంటులో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన మనిషి, పైగా అమెరికాలోని గోతమ్ క్లబ్బులో కార్టర్ సహ క్రీడాకారిణి. గోన్సాలెస్ ఆ రోజు గోల్ కొట్టలేదు. 1-1 మీద ఆట ముగిసింది, పెనాల్టీల్లో 3-1తో ఇంగ్లండ్ కప్ నిలబెట్టుకుంది. మర్నాటి నుంచి పొగడ్తలు. కార్టర్ జవాబు చెప్పింది, మైదానంలోనే నోళ్ళు మూయించింది, ఎంత నిబ్బరం, ఎంత ధైర్యం... 

నాకు అసలు పేచీ ఈ పొగడ్తతోనే. తిట్టినవాళ్ళతో వాదించడానికి ఏముంది? వాళ్ళ సంగతి పోలీసులు చూసుకోవాలి. ఆగస్టులో 59 ఏళ్ళ ఒకాయన్ని అరెస్టు చేశారు కూడా. కానీ పొగిడినవాళ్ళు మనవాళ్ళు. మంచి ఉద్దేశం వున్నవాళ్ళు. వాళ్ళ వాక్యాన్ని కాస్త తిప్పి చూస్తే, ఆ రోజు ఆమె రెండో నిమిషంలో మళ్ళీ ఒక తప్పు పాస్ ఇచ్చి వుంటే? ఇంగ్లండ్ ఓడి వుంటే? అప్పుడు ఆ తిట్లకి జవాబు లేనట్టేనా? ఆమెని తిట్టకూడదన్నది ఆమె బాగా ఆడినందుకా? ఫైనల్లో బెత్ మీడ్ పెనాల్టీ తప్పింది, కెప్టెన్ లీయా విలియమ్సన్ తప్పింది. ఒకవేళ జట్టు ఓడినా వాళ్ళిద్దరూ తమ జాతి తరఫున జవాబు చెప్పాల్సిన పని వుండేది కాదు. మామూలుగా ఆడే హక్కు, ఒక్కోరోజు చెత్తగా ఆడే హక్కు వాళ్ళకి పుట్టుకతో వచ్చింది. కార్టర్ దాన్ని ప్రతి మ్యాచ్‌లోనూ కొత్తగా సంపాదించుకోవాలి.

నిబ్బరం అన్న మాటని స్త్రీల మీద ఎంత ధారాళంగా వాడతామో! మన కథల్లో ఎంతమంది భూదేవిలాంటి ఓర్పున్న ఆడవాళ్ళు! ఓర్పుని మెచ్చుకునేటప్పుడు ఓర్చుకోవాల్సిన పరిస్థితిని సృష్టించినవాడు ఫొటోలోంచి మాయమవుతాడు. ఇదే జట్టులో లూసీ బ్రాంజ్ విరిగిన కాలి ఎముకతో టోర్నమెంటంతా ఆడింది. ఫైనల్ అయ్యాక ఆ సంగతి చెబితే లోకం నోరెళ్ళబెట్టింది. (కార్టర్ కోసం గట్టిగా నిలబడినవాళ్ళలో ఆమె కూడా వుంది, ఇందులో ఆమెని అనేదేమీ లేదు.) ఎముక విరిగితే ఎక్స్‌రేలో కనపడుతుంది. మూడు వారాలపాటు ఫోన్ తెరిచినప్పుడల్లా తన ఒంటి రంగు మీద ఎవరో ఉమ్మేసిన మనిషి ఎముకల్లో ఏం విరిగిందో ఏ ఎక్స్‌రే చూపిస్తుంది?

అది ఆమే చెప్పింది. ఫైనల్లో ఆడుతున్నావని కోచ్ చెప్పగానే తనకి భయమేసిందనీ, ఆడటానికి భయపడటం తన జీవితంలో అదే మొదటిసారనీ ఆమె మ్యాచ్ తర్వాత విలేఖరులతో అంది. చేతిలో కప్పు, మెడలో పతకం వున్న మనిషి ఆ మాట అనక్కర్లేదు. ధైర్యం కథ ఆమె కోసం అప్పటికే రాసిపెట్టి వుంది, అందులో ఒదిగిపోతే సరిపోయేది. ఒదగలేదు. నన్నడిగితే ఆ టోర్నమెంటులో ఆమె ఆడిన ఏ ఆటకన్నా ఆ వాక్యం విలువైంది. ఆట తెలియని నాబోటిదాని తీర్పు కాబట్టి మా అమ్మాయి ఒప్పుకోలేదు. "ఫైనల్ మళ్ళీ చూడత్తా, తర్వాత చెప్పు" అంది.

చూశాం. మర్నాడు రాత్రి, అదే వంటింట్లో, హైలైట్స్. స్పెయిన్ గోల్, అలెసియా రుస్సో గోల్, హాంప్టన్ ఆపిన పెనాల్టీలు, క్లోయీ కెల్లీ కొట్టిన చివరి బంతి, కప్పు. నేను కళ్ళు చిట్లించుకుని వెతుకుతూనే వున్నాను. 

"ఏదే, కార్టర్ ఎక్కడా కనపడదే!" అన్నాను.

"అంటే బాగా ఆడిందన్నమాట" అని ఫోన్ తీసుకుని లేచింది. పొద్దున్నే ఆరింటికి తనకి ప్రాక్టీసు.